రాని కబురు ఎక్కడ రాయాలి? తంతి నుంచి లినక్స్ రిలే సర్వర్ దాకా

ఈ వారం ఎపిసోడ్‌కి తోడుగా రాస్తున్న వ్యాసం ఇది. ఆడియోలో మాటల మధ్య దొర్లిపోయిన సంగతుల్ని ఇక్కడ కాస్త కుదురుగా, తేదీలతో సహా పెడుతున్నాను. ఎపిసోడ్ వినకుండా నేరుగా ఇక్కడికి వచ్చినా ఇబ్బంది లేదు, మొదటినుంచీ చెప్తాను.

విషయం రిలే సర్వర్. ఒకచోట నుంచి వచ్చే డేటాని పట్టుకుని, చిట్టాలో రాసుకుని, ఇంకోచోటికి అందించే యంత్రం అన్నమాట. మన ఊరి పాలకేంద్రం గుర్తు తెచ్చుకోండి. రైతులు పాలు పోస్తారు, కేంద్రం ఆయన కొలిచి పుస్తకంలో రాస్తాడు, క్యాన్లు వ్యానెక్కుతాయి. ఒకరోజు ఒక రైతు పేరుకి ఎదురుగా గడి ఖాళీగా ఉంది. ఆయన పాలు పొయ్యలేదా? పోస్తే వీళ్ళు రాయలేదా? పుస్తకం ఎంతసేపు చూసినా తెలీదు. ఖాళీ ఒకటే, కారణాలు మాత్రం రెండు.

కంప్యూటర్ల మధ్య డేటా పంపేవాళ్ళని నలభై ఏళ్ళుగా ఏడిపిస్తున్న చిక్కు ఇదే. తమాషా ఏంటంటే, కంప్యూటర్లు రాకముందే తంతివాళ్ళు దీనికి ఒక మందు కనిపెట్టారు. తర్వాత వచ్చినవాళ్ళు ఆ మందుని పక్కన పెట్టేశారు. దాన్ని మళ్ళీ తెచ్చుకోవడానికి చాలాకాలం పట్టింది. ఆ కథని నేనుండే బహ్రెయిన్ నుంచి చెప్తాను, ఎందుకంటే ఈ చిన్న దీవి చరిత్రలో సగం కబుర్లు అందించే చరిత్రే.

దుంగ, చిట్టా, తంతి

ముందు మాట సంగతి. లాగ్ అంటే ఇంగ్లీషులో దుంగ. ఓడ వేగం కొలవడానికి తాడు కట్టిన చెక్కని నీళ్ళలోకి వదిలేవాళ్ళు. ఇంత సేపట్లో తాడుకున్న ముళ్ళు ఎన్ని చేతిలోంచి జారాయో లెక్కపెట్టి పుస్తకంలో రాసేవాళ్ళు. ఆ పుస్తకం లాగ్‌బుక్ అయింది. ఓడ వేగాన్ని ఇప్పటికీ నాట్లలో, అంటే ముళ్ళలో, చెప్పడం అక్కణ్ణుంచి వచ్చిందే. మన కిరాణా కొట్లో దీనికి దగ్గరి మాట చిట్టా. జరిగింది జరిగినట్టు, ఏ పూటది ఆ పూట రాసేది చిట్టా. దాన్ని మనిషి వారీగా విడదీసి రాసుకునేది ఆవర్జా. సర్వర్ లాగ్ అచ్చంగా చిట్టాయే.

1864లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం పర్షియన్ గల్ఫ్ అడుగున తంతి కేబుల్ వేయించింది. గ్వాదర్ నుంచి ముసందం, అక్కణ్ణుంచి బుషెహ్ర్, ఆ పైన ఇరాక్ కొసన ఉన్న ఫావ్. మరుసటి ఏడాదికల్లా ఇండియాకీ యూరప్‌కీ తంతి కలిసింది. కేబుల్‌లో సంకేతం దూరం వెళ్ళేకొద్దీ నీరసించిపోతుంది కాబట్టి మధ్యమధ్య స్టేషన్లుండేవి. అక్కడో మనిషి కూర్చుని వచ్చిన కబురుని చదివి, కాగితం మీద రాసి, తరవాతి స్టేషన్‌కి మళ్ళీ కొట్టేవాడు. ఇవాళ్టి మాటల్లో చెప్పాలంటే ఆ మనిషే రిలే సర్వర్.

ఇంతమంది చేతులు మారే కబురు మధ్యలో పోతే ఎట్లా తెలుస్తుంది? తంతివాళ్ళు చేసిన ఏర్పాటు చాలా తేలిక. ప్రతి కబురు నెత్తిన మూడు సంగతులుండేవి: వరస సంఖ్య, అందులో ఎన్ని మాటలున్నాయో ఆ లెక్క, ఇచ్చిన వేళ. అందుకున్నవాడు మాటలు లెక్కపెడతాడు. పన్నెండు అని రాసుంటే పదకొండే వచ్చాయంటే ఒక మాట జారిపోయిందని అర్థం. అంకెలు ముఖ్యమైనవైతే చివర్లో ఇంకోసారి కొట్టి సరిచూసుకునేవాళ్ళు. వరస సంఖ్య 41 తర్వాత 43 వచ్చిందంటే, 42 ఏమైందని వెనక్కి అడుగుతాడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. 42 అనే కబురు అతను చూడనే లేదు. దాన్ని గురించి అతని దగ్గర ఏమీ లేదు. అయినా అది ఉండి తీరాలని అతనికి తెలుసు. రాని కబురుని కూడా చిట్టాలోకి ఎక్కించగలిగిన చిన్న ఉపాయం ఆ సంఖ్య.

మన ఊళ్ళలో తంతి వచ్చిందంటే, లోపల ఏముందో చదవకముందే ఏడుపులు మొదలయ్యేవి. చావుకబురుకే తంతి అన్నంత భయం. అంత బరువున్న కాగితం తప్పకుండా చేరుతుందని జనం నమ్మడానికి వెనకున్నది ఈ లెక్కలే. 2013 జులైలో ఇండియాలో తంతి సేవ ఆగిపోయింది. దాని వెనకున్న క్రమశిక్షణ ఎక్కడికి పోయిందన్నది ఇప్పుడు చూద్దాం.

దీవి దారిలోకి వచ్చింది

ఆ 1864 కేబుల్ బహ్రెయిన్‌ని తాకకుండానే పోయింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో వైర్‌లెస్ స్టేషన్ వచ్చాకే మనామాకి తంతి అందింది. ఆ తర్వాత ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 1932లో జెబెల్ దుఖాన్ దగ్గర చమురు పడింది. గల్ఫ్ అరబ్ తీరంలో దొరికిన మొదటి చమురు అది. 1946లో బ్రిటిష్ రెసిడెన్సీ బుషెహ్ర్ నుంచి బహ్రెయిన్‌కి మారింది. దొరలతో పాటు వాళ్ళ కబుర్లు కూడా ఈ దీవి మీదుగా నడవడం మొదలైంది.

1969లో తూర్పు తీరాన రాస్ అబూ జర్జూర్‌లో ఉపగ్రహ భూకేంద్రం పనిలోకి వచ్చింది. గల్ఫ్‌లో అలాంటిది అదే మొదటిది. హిందూ మహాసముద్రం పైన ఉన్న ఇంటెల్‌శాట్ ఉపగ్రహంతో అది మాట్లాడేది. మన దేశంలో పుణె దగ్గరి ఆర్వి కేంద్రం మొదలైంది 1971లో. అంటే ఈ విషయంలో ఈ చిన్న దీవి మనకన్నా ఓ అడుగు ముందే ఉంది. 1981లో బటెల్కో ఏర్పడింది. 1986లో కింగ్ ఫహద్ కాజ్‌వే తెరుచుకుని దీవికీ సౌదీకీ రోడ్డు కలిసింది. 2019 జులైలో అమెజాన్ వెబ్ సర్వీసెస్ మధ్యప్రాచ్యంలో తన మొదటి రీజియన్‌ని ఇక్కడే తెరిచింది. వైర్‌లెస్ గది నుంచి క్లౌడ్ దాకా వ్యాపారం ఒకటే: అక్కడ తీసుకో, ఇక్కడ రాసుకో, అవతలకి అందించు.

విమానాల కబుర్లు

తంతి పోయినా తంతి పద్ధతి చెక్కుచెదరకుండా బతికిన చోటు ఒకటుంది. అది విమానయానం. ఏ విమానం ఎప్పుడు బయల్దేరింది, ఏ దారిన వస్తోంది, అక్కడ వాతావరణం ఎట్లా ఉంది అనే కబుర్లన్నీ విమానాశ్రయాల మధ్య తిరగడానికి ఏఎఫ్‌టీఎన్ అనే నెట్‌వర్క్ ఉంది. టెలిప్రింటర్ల కాలంలో పుట్టింది. గల్ఫ్ ప్రాంతంలో దీని ముఖ్య కేంద్రాల్లో బహ్రెయిన్ ఒకటి.

ఆ నెట్‌వర్క్ నియమాలు చదివితే పాత తంతి మాస్టారు ఎదురుగా కూర్చుని చెప్తున్నట్టే ఉంటుంది. ప్రతి లైను మీద వెళ్ళే ప్రతి కబురుకీ మూడంకెల వరస సంఖ్య. రోజూ యూటీసీ అర్ధరాత్రికి మళ్ళీ 001 నుంచి మొదలు. మధ్యలో సంఖ్య తప్పితే అందుకున్న కేంద్రం వెంటనే ఫలానా సంఖ్య రాలేదని సర్వీస్ మెసేజ్ పంపాలి. ఆఖరుగా అందింది ఇది, నేను ఎదురుచూస్తున్నది ఇది అని చెప్పడానికి కూడా ఒక అచ్చు ఉంది.

నాకు ఇంకా నచ్చింది మరొకటి. లైను మీద పంపడానికి ఏమీ లేకపోయినా ఊరుకోకూడదు. గంటని మూడు ఇరవై నిమిషాలుగా విడగొట్టి, ప్రతి ఇరవైలోనూ ఒక్కసారైనా నేనున్నాను అని ఒక చిన్న తనిఖీ సంకేతం పంపాలి. అంటే ఆ లైను మీద నిశ్శబ్దానికి ఒక్కటే అర్థం: ఏదో తెగింది. పని లేక మౌనంగా ఉండటం అనేది అక్కడ లేదు. పాలకేంద్రం భాషలో చెప్పాలంటే, పాలు లేని రోజు కూడా రైతు వచ్చి ఇవాళ లేవని చెప్పి, సున్నా రాయించుకుని పోవాలి.

సిస్‌లాగ్ పుట్టుక

ఇప్పుడు అమెరికా వెళ్దాం. 1980ల మొదట్లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్‌మన్ అనే ఆయన సెండ్‌మెయిల్ అనే ప్రోగ్రాం రాశాడు. ఈమెయిల్‌ని ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి చేరవేసేది. అది ఏం చేస్తోందో రాసుకోవడానికి ఒక చిట్టా కావాల్సి వచ్చింది. దానికోసం ఆయన చేసిందే సిస్‌లాగ్. బాగుందని మిగతా ప్రోగ్రాములు కూడా వాడుకోవడం మొదలుపెట్టాయి. బర్క్‌లీ యూనిక్స్‌తో పాటు ప్రపంచమంతా పాకింది. ఈరోజు మీ ఇంట్లో వైఫై రౌటర్ కూడా చాలావరకు ఆ భాషే మాట్లాడుతుంది.

సిస్‌లాగ్ కబురు నెత్తిన ఒక సంఖ్య ఉంటుంది, కానీ అది వరస సంఖ్య కాదు. ఎవరు పంపారు అనే విభాగం సంఖ్యని ఎనిమిదితో హెచ్చవేసి, ఎంత తీవ్రం అనే 0 నుంచి 7 దాకా ఉండే అంకెని కలిపితే వచ్చేది. ఆ విభాగాల పట్టిక చూస్తే ఆ కాలం కనిపిస్తుంది: మెయిల్, ప్రింటర్, న్యూస్, యూయూసీపీ. యూయూసీపీ వాడిన మనిషిని నేను చూడలేదు గానీ దాని గడి మాత్రం ఇప్పటికీ ఉంది.

ఇక ఈ కబుర్లు నెట్‌వర్క్ మీద వెళ్ళింది యూడీపీ మీద, 514వ పోర్టుకి. యూడీపీని 1980 ఆగస్టులో జాన్ పోస్టెల్ మూడు పేజీల్లో నిర్వచించాడు. అది పోస్టుకార్డు లాంటిది. డబ్బాలో వేస్తాం, అంతే. చేరిందన్న రసీదు రాదు, చేరలేదన్న ఫిర్యాదూ రాదు.

ఎందుకలా చేశారు? దానికో మంచి కారణమే ఉంది. చిట్టా రాయడం కోసం అసలు పని ఆగకూడదు. లాగ్ తీసుకునే యంత్రం పడిపోతే, దాని రసీదు కోసం ఎదురుచూస్తూ మెయిల్ సర్వర్ కూడా నిలబడిపోతే ఇంకేమన్నా ఉందా? పైగా అప్పటి యంత్రాలన్నీ ఒకే భవనంలో, ఒకే తీగ మీద ఉండేవి. ఆ గదికి అది సరిపోయిన నిర్ణయం. చిక్కల్లా ఆ గది పెరిగి పెరిగి సముద్రాలు దాటినా నిర్ణయం అట్లాగే ఉండిపోవడంలో ఉంది. వరస సంఖ్య లేదు, ఏమీ లేనప్పుడు నేనున్నాను అనే సంకేతం లేదు. తంతివాళ్ళ మందులు రెండూ పోయాయి.

ఇంకొకటి కూడా పోయింది. చాలాకాలం సిస్‌లాగ్‌కి రాతపూర్వకమైన నిబంధన అంటూ లేదు. 2001 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 3164 అనే పత్రం అప్పటికే నడుస్తున్న వాడుకని కాగితం మీద పెట్టింది. అందులో వేళ రాసే పద్ధతి చూడండి: నెల, తేదీ, గంట, నిమిషం, సెకను. సంవత్సరం లేదు. ఏ దేశపు గంటో లేదు. ఒకే భవనంలో అయితే ఎవరూ అడగరు. మనామా గడియారం యూటీసీకి 3 గంటలు ముందు, హైదరాబాద్ గడియారం అయిదున్నర గంటలు ముందు. మధ్యలో రెండున్నర గంటలు. ఆ రెండున్నర గంటలు ఒక మనిషి మీద ఎట్లా పడ్డాయో చెప్తాను.

102 రీడింగులు

ఇక్కడ మనామాలో ఒక కోల్డ్ స్టోరేజ్ యార్డు. పేరు అవసరం లేదు. చల్లని కంటైనర్లలో మందులు, ఆహారం దిగుతాయి. ప్రతి కంటైనర్‌లో ఒక పరికరం అయిదు నిమిషాలకోసారి ఉష్ణోగ్రత చూసి యూడీపీ మీద ఒక లినక్స్ రిలేకి పంపుతుంది. రిలే దాన్ని రాసుకుని హైదరాబాద్‌లో రిపోర్టులు తయారుచేసే బృందానికి అందిస్తుంది. నన్ను పిలిచింది ఒక ఖాళీ గురించి. ఇన్సులిన్ ఉన్న కంటైనర్‌కి ఒక రాత్రంతా రీడింగులు లేవు. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. రికార్డు లేకపోతే ఉన్నట్టు ఎవరు ఒప్పుకుంటారు? సరుకు మొత్తం పారబొయ్యాలి.

సరుకుతో పాటు ఒక మనిషి కూడా ఇరుక్కున్నాడు. యార్డులో రాత్రి డ్యూటీ చేసే తమ్ముడిది జగిత్యాల వైపు పల్లె. రిపోర్టులో ఖాళీ రాత్రి 11:40కి మొదలైనట్టుంది. గేటు పుస్తకంలో అతను 11:30కి తిండికి వెళ్ళినట్టుంది. ఇంకేం, పోతూ పోతూ కరెంటు ప్లగ్గు పీకేశాడని తేల్చేశారు. మెమో చేతిలో పెట్టారు. జీతంలో కోత, ఆ తర్వాత వీసా సంగతి ఎట్లాగూ ఉంటుంది.

అతను నాతో అన్నది ఇంతే: "అన్నా, నేనైతే ఏం బంద్ చెయ్యలే. బువ్వ తిని అరగంటల మల్ల అచ్చిన. గా మిషిన్ సప్పుడు రాత్రంత ఇనొస్తనే ఉన్నది."

నేను మొదట చూసింది గడియారాలు. పరికరం రాసే వేళ యూటీసీ, రిలేది బహ్రెయిన్ వేళ, రిపోర్టుది ఇండియా వేళ. రిపోర్టు మీద ఏ వేళో రాయలేదు, అందరూ బహ్రెయిన్ వేళే అనుకున్నారు. 11:40లోంచి రెండున్నర గంటలు తీసేస్తే 9:10. రిలే చిట్టాలో ఆఖరి రీడింగు సరిగ్గా 21:10కే ఉంది. ఆ వేళకి అతను సూపర్‌వైజర్ పక్కనే నిలబడి సరుకు దింపిస్తున్నాడు. గేటు పుస్తకంలో సంతకం కూడా ఉంది. తిండికీ ఖాళీకీ సంబంధమే లేదు.

రెండోది, పరికరం పంపే ముడి వాక్యంలో ఒక వరస సంఖ్య ఉంది. రిపోర్టులో ఆ గడి తీసేశారు గానీ రిలే చిట్టాలో అట్లాగే ఉంది. ఆఖరు అందింది 4211. పొద్దున 5:45కి మళ్ళీ మొదలైంది 4314తో. మధ్యలో 102 లేవు. అయిదేసి నిమిషాల చొప్పున లెక్కేస్తే 21:10 నుంచి 05:45కి సరిగ్గా సరిపోతుంది. ఆ పరికరం కరెంటు పోతే మళ్ళీ 1 నుంచి మొదలవుతుంది. ఇది 4314 అంది. అంటే రాత్రంతా లెక్కపెడుతూనే ఉంది, పంపుతూనే ఉంది. అందుకోవాల్సినవాడు అందుకోలేదు.

పరికరానికి సొంత జ్ఞాపకం ఉంటుంది. కేబుల్ పెట్టి చదివితే ఆ 102 రీడింగులూ బయటికొచ్చాయి. అన్నీ 3కీ 6కీ మధ్యే. క్వాలిటీ విభాగం వాళ్ళు చూసి సరుకు విడుదల చేశారు. మెమో వెనక్కి వెళ్ళింది.

అంగారకుడి నుంచి వచ్చిన ప్యాకెట్లు

మరి రిలే ఎందుకు అందుకోలేదు? దీనికి కొంచెం వెనక్కి, 2008కి వెళ్ళాలి. ఆ ఏడాది జనవరి 30న అలెగ్జాండ్రియా దగ్గర మధ్యధరా సముద్రంలో రెండు కేబుళ్ళు తెగాయి. రెండు రోజులకి దుబాయ్ తీరానికి దాదాపు 56 కిలోమీటర్ల దూరంలో ఫాల్కన్ కేబుల్ తెగింది. అక్కడ సముద్రం అడుగున అయిదారు టన్నుల లంగరు దొరికింది. ఈజిప్టు నుంచి ఇండియా దాకా ఇంటర్నెట్ కుంటుపడింది, బహ్రెయిన్ కూడా అందులో ఉంది. ఒక్క దారి మీద ఆధారపడితే ఏమవుతుందో ఆ వారం గల్ఫ్ అంతటికీ అర్థమైంది. రెండో లైను ఉందా అనే ప్రశ్నకి అప్పట్నుంచీ బరువు పెరిగింది.

ఈ యార్డుకీ రెండో లైను ఉంది. ఆ రాత్రి 9:10కి మొదటి లైను పడిపోయింది, వెంటనే రెండోది అందుకుంది. అంతా అనుకున్నట్టే. రీడింగులు రిలే దాకా వచ్చాయి కూడా, కానీ రెండో నెట్‌వర్క్ కార్డు నుంచి వచ్చాయి. లినక్స్ కెర్నెల్‌లో ఆర్‌పీ ఫిల్టర్ అనే తనిఖీ ఉంటుంది. వచ్చిన ప్యాకెట్ మీద పంపినవాడి చిరునామా చూస్తుంది. వీడికి నేను జవాబు రాయాలంటే ఏ కార్డు నుంచి పంపుతాను అని తన దారుల పట్టికలో వెతుకుతుంది. వచ్చిన కార్డూ ఆ కార్డూ ఒకటి కాకపోతే, ఇదేదో దొంగ చిరునామా అని పారేస్తుంది. అబద్ధపు చిరునామాలతో జరిగే దాడుల్ని ఆపడానికి పెట్టిన తనిఖీ అది, మంచిదే. కానీ రెండో దారి ఉన్నచోట నిజాయితీ ఉన్న ప్యాకెట్ కూడా దొంగలా కనిపిస్తుంది.

ఇట్లా రాకూడని చోటు నుంచి వచ్చిన వాటిని లినక్స్ మార్షియన్లు అంటుంది, అంటే అంగారకుడి నుంచి వచ్చినవి. వాటిని చిట్టాలో రాసే ఏర్పాటు ఉంది గానీ ఆ యంత్రంలో అది కట్టేసి ఉంది, చాలాచోట్ల అట్లాగే ఉంటుంది. అందుకే పారేసింది, రాయలేదు.

దీన్ని పట్టుకున్న వరస చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. మొదట డిస్కు నిండిందా అని చూశాం, జాగాతో పాటు ఐనోడ్లు కూడా. ఫైళ్ళు మార్చేటప్పుడు ప్రోగ్రాంకి చెప్పకపోతే అది చెరిపేసిన పాత ఫైల్లోకే రాస్తూ ఉంటుంది, అది కూడా కాదని తేలింది. తర్వాత యార్డు వాళ్ళ చేత మొదటి లైను కావాలని తీయించి, రిలే మీద టీసీపీడంప్ పెట్టాం. ప్యాకెట్లు చక్కగా కనబడుతున్నాయి. కానీ చిట్టాలోకి రావట్లేదు. చాలామంది ఇక్కడే తికమకపడతారు. టీసీపీడంప్ గేటు దగ్గర నిలబడి చూస్తుంది. కెర్నెల్ తనిఖీలు, ఫైర్‌వాల్, రిసీవ్ బఫర్ అన్నీ గేటు లోపల ఉంటాయి. అక్కడ కనబడింది కాబట్టి ప్రోగ్రాంకి అందిందని కాదు.

గేటుకీ ప్రోగ్రాంకీ మధ్య ఏం పోయిందో చెప్పేవి కెర్నెల్ లెక్కలు. ఎన్‌స్టాట్ అనే చిన్న సాధనం వాటిని చూపిస్తుంది. బఫర్ నిండి పోయినవి ఎన్ని అనే లెక్క కదల్లేదు. ఐపీ రివర్స్ పాత్ ఫిల్టర్ అనే లెక్క మాత్రం ఒక్కో రీడింగుకీ ఒక్కోటి చొప్పున పెరుగుతోంది. అంతే, దొరికింది. ఆ తనిఖీని కఠినం నుంచి సడలింపుకి, అంటే 1 నుంచి 2కి మార్చాం. అప్పుడది ఈ చిరునామాకి ఏదో ఒక కార్డు నుంచి దారుంటే చాలు అంటుంది. మార్షియన్లని చిట్టాలో రాయమని కూడా చెప్పాం.

చూడండి, కెర్నెల్ దగ్గర లెక్క ఆ రాత్రి కూడా ఉంది. 102 పారేశానని దానికి తెలుసు. అడిగినవాళ్ళు లేరు.

లెక్క తిరిగొచ్చింది

ఈ చిక్కు మా ఒక్క యార్డుది కాదని చెప్పడానికే ఇంత చరిత్ర చెప్పాను. 1998లో హంగరీకి చెందిన బలాజ్ షైడ్లర్ సిస్‌లాగ్ ఎన్‌జీ మొదలుపెట్టాడు. 2004లో జర్మనీకి చెందిన రైనర్ గెర్‌హార్డ్స్ ఆర్‌సిస్‌లాగ్ మొదలుపెట్టాడు. యూడీపీ బదులు టీసీపీ వాడితే సరిపోతుందని చాలామంది అనుకున్నారు. టీసీపీలో రసీదులున్నాయి కదా మరి. 2008లో గెర్‌హార్డ్స్ అది కూడా చాలదని వివరంగా చూపించాడు. మన ప్రోగ్రాం పంపేశాను అనుకున్నప్పుడు ఆ కబురు నిజానికి మన కెర్నెల్ సంచిలోనే ఉండొచ్చు. అప్పుడే లైను తెగితే సంచితో సహా పోతుంది, ప్రోగ్రాంకి తెలీదు. తంతిని తంతి ఆఫీసులో ఇవ్వడం వేరు, అవతలి ఇంటికి చేరడం వేరు.

అందుకని ఆయన రెల్ప్ అనే పద్ధతి చేశాడు. ప్రతి కబురుకీ ఒక సంఖ్య ఉంటుంది. అవతలి ప్రోగ్రాం, కెర్నెల్ కాదు ప్రోగ్రామే, ఫలానా సంఖ్య అందిందని చెప్పేదాకా ఇవతల దాన్ని చెరపదు. చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. ముసందంలో ఉక్కపోతలో కూర్చున్న తంతి గుమాస్తాకి ఇది చూపిస్తే, ఇందులో కొత్తేముంది అంటాడు. 2009 మార్చిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5424, అదీ గెర్‌హార్డ్స్ రాసిందే, సంవత్సరాన్నీ యూటీసీకి ఎంత తేడాయో ఆ సంగతినీ వేళలోకి తెచ్చింది. వరస సంఖ్యకి కూడా ఒక చోటిచ్చింది, కావాలనుకున్నవాళ్ళకి.

ఇంకో చిన్న మంచి అలవాటు లినక్స్‌లో ఉంది. సిస్టమ్‌డీ జర్నల్ ఒక ప్రోగ్రాం మరీ వాగుతుంటే దాని నోరు నొక్కేస్తుంది. 30 సెకన్లలో ఇన్ని కబుర్లు అని హద్దు ఉంటుంది. హద్దు దాటినవి పారేస్తుంది, కానీ ఇన్ని పారేశాను అని ఒక వాక్యం రాస్తుంది. ఆ ఒక్క వాక్యం చాలా విలువైంది. పోగొట్టడం కొన్నిసార్లు తప్పదు. పోగొట్టానని రాయకపోవడమే అసలు ప్రమాదం.

మీరు రిలే నడుపుతుంటే ఈ చరిత్రలోంచి తీసుకోవాల్సినవి నా లెక్కలో అయిదు. పంపేవాడు వరస సంఖ్య వెయ్యాలి, దాన్ని రిపోర్టు చివరిదాకా మొయ్యాలి. ఏమీ లేనప్పుడు కూడా నేనున్నాను అనే సంకేతం రావాలి. వేళ యూటీసీలో రాయాలి, మనిషికి చూపించేటప్పుడు ఏ ఊరి వేళో పక్కన రాయాలి. కెర్నెల్ పారేసినవాటి లెక్కని రోజూ చిట్టాలోకి ఎక్కించాలి. రెండో లైను పెట్టుకున్నవాళ్ళు నెలకోసారి మొదటిది కావాలని తీసి చూడాలి.

మీరు రిలే నడపకపోయినా ఒకటి గుర్తుంచుకోండి. ఇప్పుడు చాలా ఉద్యోగాల్లో మనిషి మీద సాక్ష్యం యంత్రం రాసిన చిట్టాయే. హాజరు, జీపీఎస్, గేటు కార్డు, మీటర్ రీడింగు. ఖాళీ గడి చూపించి నువ్వు చెయ్యలేదని ఎవరన్నా అంటే ఒక ప్రశ్న అడగండి: చెయ్యకపోతే ఖాళీ వస్తుందా, అందకపోయినా ఇదే ఖాళీ వస్తుందా? రెండిటికీ ఒకే ఖాళీ వస్తుందంటే అది సాక్ష్యం కాదు.

ఇదీ సంగతి. మీ ఇంట్లో గానీ, తెలిసినవాళ్ళలో గానీ తంతి ఆఫీసులోనో, విమానాశ్రయం కమ్యూనికేషన్ విభాగంలోనో పనిచేసిన పెద్దవాళ్ళుంటే కింద రాయండి. వాళ్ళ గొంతుతో ఒక ఎపిసోడ్ చెయ్యాలని ఉంది. సంఖ్య తప్పిన రోజు ఏం చేసేవాళ్ళో వాళ్ళే చెప్పాలి.